పడని ఆహారం, పెరగని బరువు

బరువు చాలని బిడ్డకు ఏం పెట్టాలని అడిగితే చదువుకున్నవారూ చదువుకోనివారూ చెప్పే జవాబు ఇంచుమించు ఒకటే: పాలు పట్టండి, రోజుకో గుడ్డు పెట్టండి, వేరుశనగ ఉండలు చేతికివ్వండి. జవాబు మంచిదే. ప్రభుత్వం చేస్తున్నదీ అదే. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నంలోనైనా, రాష్ట్రంలో మరే ఊళ్ళోనైనా అంగన్‌వాడీ కేంద్రం నుండి పసిపిల్లలకు అందేవి పాలు, గుడ్లు, బాలామృతం. ఆ బాలామృతం వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెలతో తయారవుతుంది. బడి వయసు వస్తే మధ్యాహ్న భోజనంలో గుడ్డు, వేరుశనగ చిక్కీ. బిడ్డ మరీ నీరసించి పోషకాహార పునరావాస కేంద్రంలో చేరవలసి వస్తే అక్కడ పట్టే ఎఫ్‌-75, ఎఫ్‌-100 అనే ద్రవాహారాలకు ఆధారం పాలే. కరవు ప్రాంతాలలో ప్రాణాపాయ స్థితిలో ఉన్న పిల్లలకు ఐక్యరాజ్యసమితి సంస్థలు పంచే పొట్లంలోని ముద్ద కూడా వేరుశనగ, పాలపొడి, చక్కెర, నూనెల మిశ్రమమే.

మరి పాలు పడని బిడ్డ, గుడ్డు పడని బిడ్డ, వేరుశనగ నోట పెడితే పెదవులు వాచే బిడ్డ ఈ వరుసలో ఎక్కడ నిలబడాలి? అందరికీ మేలుచేసే ఆ నాలుగైదు పదార్థాలే ఆ బిడ్డకు ప్రమాదకరమైనవి. అటువంటి బిడ్డ ఉన్న ఇంట్లో ఏం జరుగుతుందో చాలామంది పాఠకులు చూసే ఉంటారు. మొదట పాలు మానిపిస్తారు. ఆ తర్వాత గుడ్డు. ఒంటిమీద దద్దుర్లు ఇంకా కనిపిస్తే ఎవరో వచ్చి వంకాయ వద్దంటారు, మరొకరు చేప వద్దంటారు, ఇంకొకరు కందిపప్పు వేడి అంటారు. ఆరు నెలలు తిరిగేసరికి బిడ్డ కంచంలో మిగిలేది అన్నం, చారు. దద్దుర్ల కోసం మొదలైన పథ్యం బిడ్డ ఎముకలు లెక్కపెట్టే స్థితికి తెస్తుంది.

ఈ విషయంలో మేము చెప్పదలచినది ఒక్కటే. ఒక పదార్థాన్ని బిడ్డ కంచం నుండి తీసివేస్తే, ఆ పదార్థం ఇచ్చే బలాన్ని మరో రూపంలో అదే రోజు కంచంలో పెట్టాలి. ఏం తీసివేయాలో వైద్యుడు చెప్పాలి. ఏం పెట్టాలో ఇల్లు నేర్చుకోవాలి. మన ఇళ్ళలో తీసివేత సులువుగా జరిగిపోతుంది. పెట్టడం దగ్గరే ఆగిపోతున్నాము.

ముందుగా తేల్చుకోవలసినవి

2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళలోపు పిల్లలలో 29.6 శాతం మంది వయసుకు తగిన బరువు లేనివారు. అంటే ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు. వీరిలో ఆహార అలర్జీ ఉన్నవారు కొద్దిమందే. నులిపురుగులు, రక్తహీనత, పదేపదే వచ్చే విరేచనాలు, మూత్రంలో ఇన్ఫెక్షన్, క్షయ, కేవలం చాలీచాలని తిండి వంటివి బరువు తగ్గించే ముఖ్యమైన కారణాలు. కనుక బిడ్డ సన్నగా ఉన్నాడని అలర్జీని అనుమానించడానికి ముందు ఈ సాధారణ కారణాలను వైద్యుని చేత చూపించుకోవాలి. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల నివారణ దినం పేరిట అంగన్‌వాడీలలో, బడులలో ఉచితంగా మాత్రలు వేస్తారు. వాటిని ఎందుకో కొన్ని ఇళ్ళలో వద్దంటారు. అలా అనడానికి కారణమేమీ లేదు.

బరువు తక్కువా కాదా అన్నది కూడా కంటి అంచనాకు వదిలివేయరాదు. పక్కింటి బిడ్డతో పోల్చడం అసలే కూడదు. తల్లీ బిడ్డల రక్షణ కార్డులో ఎదుగుదల గీతలు ముద్రించి ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం రెండేళ్ళు నిండిన మగబిడ్డ మధ్యస్థ బరువు 12.2 కిలోలు, ఆడబిడ్డ 11.5 కిలోలు. మగబిడ్డ 9.7 కిలోల కన్నా, ఆడబిడ్డ 9 కిలోల కన్నా తక్కువ ఉంటే అది తక్కువ బరువు. జబ్బ చుట్టుకొలత మరో కొలమానం. ఆరు నెలల నుండి అయిదేళ్ళ లోపు బిడ్డకు అది 12.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే శ్రద్ధ వహించాలి, 11.5 కన్నా తక్కువ ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. వీటన్నిటికన్నా ఎక్కువ చెప్పేది గీత నడక. తల్లిదండ్రులు పొట్టివారై, బిడ్డ మొదటి నుండీ కింది గీత వెంబడే సాఫీగా పెరుగుతుంటే భయపడనక్కరలేదు. పై గీత వెంబడి నడిచిన బిడ్డ మూడు నెలల్లో కిందికి జారితే మాత్రం, చూపుకు బొద్దుగా ఉన్నా సరే, ఆలోచించాలి.

‘పడదు’ అనే మాట

తెలుగులో ‘పడదు’ అనే మాట చాలా విశాలమైనది. తింటే కడుపు ఉబ్బరించినా పడదంటాము, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా పడదంటాము, జలుబు చేసినా, వేడి చేసినా, రుచి నచ్చకపోయినా అదే మాట. వైద్యునికి ఈ తేడాలు చాలా ముఖ్యం. పాలలోని చక్కెరను జీర్ణించుకోలేక విరేచనాలు కావడం వేరు. పాలలోని ప్రొటీన్‌ను శరీరం శత్రువుగా భావించి ఎదురుతిరగడం వేరు. మొదటిది ఇబ్బంది పెడుతుంది, రెండవది ప్రాణం మీదికి తేగలదు. మొదటి దానిలో బిడ్డ పెరుగు తినగలగవచ్చు. రెండవ దానిలో నెయ్యి చుక్క కూడా వైద్యుని అనుమతి లేకుండా పెట్టరాదు.

అసలైన అలర్జీ రెండు రూపాలలో వస్తుంది. తిన్న కొద్ది నిమిషాలలో, ఎక్కువలో ఎక్కువ రెండు గంటల లోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి, పిల్లికూతలు కనిపించడం ఒక రూపం. కొన్ని గంటల నుండి ఒకటి రెండు రోజుల తర్వాత వాంతులు, విరేచనాలు, మలంలో రక్తం కనిపించడం రెండవ రూపం. ఈ రెండవది చర్మ పరీక్షలోనూ రక్త పరీక్షలోనూ దొరకదు. ఏం తిన్నాడు, ఎప్పుడు తిన్నాడు, ఎంతసేపటికి ఏమైంది అని తల్లి నోటుపుస్తకంలో రాసిపెట్టిన నాలుగు వారాల లెక్కే వైద్యునికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

రక్త పరీక్ష కాగితం చేతికి రాగానే దానిలోని పేర్లన్నీ మానిపించే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి. మన పొరుగున బెంగళూరు, మైసూరు ప్రాంతాల పెద్దలపై జరిగిన ‘యూరోప్రివాల్’ పరిశోధన ఫలితాలు 2016లో వెలువడ్డాయి. రక్తంలో ఏదో ఒక ఆహారానికి ప్రతిరక్షకాలు కనిపించినవారు 26.5 శాతం. నిజంగా అలర్జీ ఉండవచ్చని తేలినవారు 1.2 శాతం. అంటే పరీక్షలో పేరు వచ్చిన పదార్థాలలో అత్యధిక భాగం ఆ మనుషులు హాయిగా తింటున్నవే! బిడ్డ ఇంతకాలం ఏ ఇబ్బందీ లేకుండా తిన్న పదార్థాన్ని కాగితం మీద పేరు చూసి మానిపించడం తగదు. ఇక ‘ఐజీజీ’ పరీక్ష పేరిట వంద, రెండు వందల పదార్థాల పట్టిక ఇచ్చి వేలకు వేలు తీసుకునే పరీక్షలున్నాయి. ఆహార అలర్జీని నిర్ధారించడానికి అవి పనికిరావని అలర్జీ వైద్యుల సంఘాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఆ డబ్బుతో నెల రోజులు బిడ్డకు మాంసం తెచ్చిపెట్టవచ్చు. అనుమానం తీరని చోట ఆసుపత్రిలో వైద్యుని ఎదుట కొద్దికొద్దిగా తినిపించి చూడటమే ఖచ్చితమైన పరీక్ష. దానిని ఇంట్లో చేయరాదు.

సముద్రతీరంలో ఉన్నవారికి ప్రత్యేకించి చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. రొయ్య పడని బిడ్డకు చేప కూడా పడదనుకోవడం పొరపాటు. రొయ్య, పీత ఒక జాతి. చేప వేరే జాతి. అలర్జీ కలిగించే ప్రొటీన్లు కూడా వేరు. రొయ్య పడని బిడ్డకు పీత పడకపోయే అవకాశం ఎక్కువ. చేప సంగతి విడిగా తేల్చుకోవాలి. తేలితే నెత్తళ్ళ వంటి చిన్న చేపలు బిడ్డకు గొప్ప వరం. మరొకటి: కానాగంతలు, కవళ్ళు, తూర వంటి చేపలు మంచు లేకుండా ఎండలో కొన్ని గంటలు ఉంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. ఆ చేప తిన్నవారికి ముఖం ఎర్రబడి, దద్దుర్లు లేచి, అచ్చం అలర్జీలాగే ఉంటుంది. కానీ అది నిలవ చేప దోషం. ఒకే పులుసు తిన్న నలుగురిలో ముగ్గురికి దద్దుర్లు వస్తే చేపల అంగడిని అనుమానించాలి గాని, బిడ్డకు జీవితాంతం చేప నిషేధించరాదు.

రొయ్యల చెరువులు, రొయ్యలు ఒలిచే షెడ్లు ఈ తీరంలో ఎందరికో జీవనాధారం. నిజంగా రొయ్య పడని బిడ్డ ఉన్న తల్లి అటువంటి పనినుండి ఇంటికి వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకున్న తర్వాతే బిడ్డను ఎత్తుకోవడం మేలు. రొయ్యలు, పీతలు ఉడికే ఆవిరి కూడా కొందరికి పడదు. ఎండురొయ్యల పొడి పులుసులలో, పచ్చళ్ళలో కంటికి కనిపించకుండా కలిసి ఉంటుంది. రొయ్యలు వేయించిన నూనెలోనే బిడ్డకు ఆలుగడ్డ వేయించడం కూడా ప్రమాదమే.

ప్రమాద సూచనలను ఇంటిల్లిపాదీ తెలుసుకోవాలి. తిన్న వెంటనే గొంతు బొంగురుపోవడం, ఊపిరి అందకపోవడం, పిల్లికూతలు, ఒళ్ళు వేలాడిపోవడం, దద్దుర్లతో పాటు ఆగని వాంతులు వస్తే అది తీవ్రమైన అలర్జీ. దానికి మందు అడ్రినలిన్ సూది ఒక్కటే. తొడ కండరానికి వేయాలి. దురద తగ్గించే సిరప్ దానికి ప్రత్యామ్నాయం కాదు. బిడ్డను పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచాలి. ఊపిరి కష్టంగా ఉంటే కూర్చోబెట్టవచ్చు గాని నడిపించరాదు, భుజాన వేసుకుని పరుగెత్తరాదు. 108కు ఫోన్ చేయాలి. కృష్ణపట్నం నుండి నెల్లూరు పెద్దాసుపత్రి సుమారు పాతిక కిలోమీటర్లు. ఆ దారిలో లారీల రద్దీ తెలియనిది కాదు. ఇదివరకు ఒకసారి ఇటువంటి స్థితి ఎదురైన కుటుంబం దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడ్రినలిన్ ఉంటుందా అని ముందుగానే కనుక్కుని ఉంచుకోవాలి. ఇంట్లో ఉంచుకోవలసిన అవసరం ఉందేమో తమ వైద్యుని అడగాలి.

కంచంలో ఏం పెట్టాలి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఒకటి నుండి మూడేళ్ళ బిడ్డకు రోజుకు సుమారు 1,010 కేలరీల శక్తి, 12.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. నాలుగు నుండి ఆరేళ్ళ బిడ్డకు 1,360 కేలరీలు, 16 గ్రాముల ప్రొటీన్. వెనుకబడిన బిడ్డ కోలుకోవాలంటే దీనికి పైన మరికొంత కావాలి. ఒక గ్రాము బరువు పెరగడానికి దాదాపు 5 కేలరీలు ఖర్చవుతాయి. అంటే రోజూ తింటున్న దానికి మరో 100 కేలరీలు క్రమం తప్పకుండా కలిస్తే చాలు, నెల తిరిగేసరికి తేడా తెలుస్తుంది. రెండేళ్ళు దాటిన ఆరోగ్యవంతుడైన బిడ్డ నెలకు పెరిగేది సుమారు 200 గ్రాములే. వారంలో కిలో పెంచుతామనే ప్రకటనలను ఈ లెక్కతో తూచి చూడండి.

ప్రొటీన్ లోటు మన ఇళ్ళలో పూడ్చడం కష్టం కాదు. ఒక గుడ్డులో 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. పాతిక గ్రాముల కందిపప్పు లేదా పెసరపప్పు, కాకుంటే ముప్ఫై గ్రాముల మాంసం అంతే ప్రొటీన్ ఇస్తుంది. మాంసం వండే ఇంట్లో బిడ్డకు విడిగా మెత్తని కైమా తీసి, ఆలుగడ్డతో కలిపి పెట్టడం పెద్ద పనేమీ కాదు. వారానికొకసారి కొద్దిగా కలేజీ పెడితే రక్తహీనతకు కూడా మంచిది. ఇక్కడ ఒక మాట. బలం వస్తుందని బక్కపిల్లలకు పాయా రసం, ఎముకల సూప్ గిన్నెలకు గిన్నెలు తాగించడం మనలో అలవాటు. రసంలో ఉండేది ఎక్కువ భాగం నీరు. అది చిన్న పొట్టను నింపి, అన్నానికి చోటు లేకుండా చేస్తుంది. రసం పెద్దలు తాగి, ముక్క బిడ్డకు పెడితే బాగుంటుంది.

కష్టమైనది శక్తి లోటు. చిన్నపిల్లల పొట్ట చిన్నది. అన్నం ఎంత పెట్టినా నాలుగు ముద్దలకే నిండిపోతుంది. కనుక ముద్ద పరిమాణం పెంచకుండా ముద్దలోని శక్తిని పెంచాలి. దానికి అన్నిటికన్నా చవకైన, సులభమైన సాధనం నూనె. కృష్ణపట్నం ప్రజలకు ఇది వింతగా ఉండవచ్చు. తమ రేవులో దిగుమతి అయి, తమ చుట్టుపక్కల కర్మాగారాలలో శుద్ధి అవుతున్న వంటనూనెను బిడ్డల బలహీనతకు మందుగా ఎవరూ తలచరు. ఒక టీ చెంచా నూనెలో 45 కేలరీలు ఉన్నాయి. పాలు పడే ఇళ్ళలో నెయ్యి చేసే పనిని పాలు పడని ఇంట్లో నూనె చేస్తుంది. పొద్దుతిరుగుడు, తవుడు, కొబ్బరి నూనెలు ఏవైనా సరే. వేరుశనగ పడని బిడ్డకు గానుగ పట్టిన వేరుశనగ నూనె, నువ్వులు పడని బిడ్డకు నువ్వుల నూనె మాత్రం వద్దు. గానుగ నూనెలో గింజ ప్రొటీన్ మిగిలి ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. ముప్ఫై గ్రాముల బియ్యం, పదిహేను గ్రాముల పెసరపప్పు కలిపి మెత్తని కిచిడీ వండి, రెండు చెంచాల నూనెలో జీలకర్ర తాలింపు పెడితే ఆ చిన్న గిన్నెలో దాదాపు 245 కేలరీలు, అయిదారు గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. నూనె లేకుండా వండితే 155 కేలరీలే. గిన్నె అదే, బిడ్డ తినే ముద్దలూ అవే. మొలగొలుకుల బియ్యమైనా రేషన్ బియ్యమైనా ఇందులో తేడా రాదు. ఇరవై గ్రాముల రాగిపిండి, పది గ్రాముల బెల్లం, ఒక చెంచా కొబ్బరినూనెతో చేసిన చిక్కని జావ సుమారు 150 కేలరీలు ఇస్తుంది. రాగిజావను పలుచగా చేసి గ్లాసుతో తాగించే ఆచారమే మనల్ని దెబ్బతీస్తున్నది. రాగులను మొలకెత్తించి, ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తే, ఆ పిండి ఎక్కువ వేసినా జావ గడ్డకట్టదు. నీళ్ళు పెంచకుండానే ఎక్కువ పిండి బిడ్డ కడుపులోకి వెళుతుంది. మామూలు చిక్కని జావలో ఒక చెంచా ఈ మొలకల పిండి కలిపి రెండు నిమిషాలు ఉడికించినా అది జారుగా మారుతుంది.

అరటిపండు, చిలగడదుంప, గింజ తీసి మెత్తగా నలిపిన ఖర్జూరం, కొబ్బరిపాలతో వండిన అన్నం, ఆలుగడ్డ, మగ్గిన సపోటా... ఇవన్నీ ఈ పట్టికలో చేరేవే. పూటకు పూటకు మధ్య రెండు చిరుతిళ్ళు, మొత్తం రోజుకు అయిదారు సార్లు పెట్టాలి. అన్నానికి ముందు నీళ్ళు, టీ, పొట్లాలలో వచ్చే తీపి పానీయాలు ఇవ్వరాదు. టీ అయితే ఏ సమయంలోనూ వద్దు. బిస్కెట్ల పొట్లాలకు కూడా అలవాటు చేయకపోవడం మంచిది. వాటిలో గోధుమ తప్పకుండా ఉంటుంది, పాలు తరచుగా ఉంటాయి.

పాలు పూర్తిగా మాన్పవలసి వచ్చిన బిడ్డ విషయంలో కాల్షియం గురించి విడిగా ఆలోచించాలి. ఒక గ్లాసు ఆవుపాలలో ఉన్న కాల్షియం రాగుల నుండి రావాలంటే దాదాపు 80 గ్రాముల పిండి తినాలి. రెండేళ్ళ బిడ్డకు అది ఒక్కరోజులో సాధ్యం కాదు. కనుక రాగులతో పాటు మునగాకు, తోటకూర, పడితే ముళ్ళతో నమలగలిగేలా మెత్తగా వండిన నెత్తళ్ళు కూడా పెట్టాలి. అయినా చాలకపోవచ్చు. కాల్షియం, విటమిన్ డి చుక్కలు అవసరమా అని వైద్యుని అడిగితీరాలి. ‘ఆవుపాలు పడకపోతే మేకపాలు పట్టండి’ అనే సలహా ప్రతి ఊళ్ళోనూ వినిపిస్తుంది. ఆవు, గేదె, మేక పాల ప్రొటీన్లు ఒకదానికొకటి ఎంతో దగ్గర. ఆవుపాల అలర్జీ ఉన్న బిడ్డలలో చాలా ఎక్కువ మందికి మేకపాలూ పడవు. కొబ్బరిపాలు, బియ్యపు పాలు వంటకు బాగుంటాయి గాని వాటిలో ప్రొటీన్ బహు స్వల్పం. పసిబిడ్డకు తల్లిపాల స్థానంలో, ఫార్ములా స్థానంలో వాటిని పట్టడం తీవ్రమైన పోషకాహార లోపానికి దారితీస్తుంది.

తల్లిపాలు, డబ్బాపాలు

దివ్యఖుర్ఆన్ రెండేళ్ళ స్తన్యపానాన్ని ప్రస్తావించిందని ముస్లిం గృహాలలో తెలియనివారుండరు. బిడ్డకు పాల అలర్జీ అనగానే తల్లిపాలు కూడా మానిపించే పెద్దలు అక్కడక్కడ ఉన్నారు. అది సరైనది కాదు. తల్లి తిన్న ఆవుపాల ప్రొటీన్ కొద్దిగా ఆమె పాలలోకి వచ్చి కొందరు బిడ్డలకు ఇబ్బంది కలిగించే మాట నిజమే. అప్పుడు వైద్యుని సలహాతో తల్లి కొన్ని వారాలు పాలు, పెరుగు, నెయ్యి మాని చూస్తుంది; తన పాలు మాత్రం మానదు. ఆ వారాలలో ఆమెకూ కాల్షియం కావాలి, రెండింతలు పప్పు కావాలి. రమజాన్ మాసం ఆ రోజులలోనే వస్తే, పాలిచ్చే తల్లికి ధర్మం ఇచ్చిన వెసులుబాటును ఇంటివారు గుర్తుచేయాలి. ఆమె నోరు తెరిచి అడిగేదాకా వేచి ఉండరాదు.

తల్లిపాలు లేని పసిబిడ్డకు ప్రొటీన్లను బాగా విడగొట్టిన ప్రత్యేక ఫార్ములాను, మరీ తీవ్రమైన సందర్భాలలో అమైనో ఆమ్లాల ఫార్ములాను వైద్యులు సూచిస్తారు. అవి ఖరీదైనవి. ముస్లిం కుటుంబాలకు మరొక ప్రశ్న కూడా ఎదురవుతుంది. ఈ ఫార్ములాలలో కొన్నిటి తయారీలో పాల ప్రొటీన్‌ను విడగొట్టడానికి పంది క్లోమం నుండి తీసిన ఎంజైములను వాడతారు. డబ్బా మీద హలాల్ ధ్రువీకరణ ఉందేమో చూసి, లేకుంటే వైద్యునికి ఈ మాట నిస్సంకోచంగా చెప్పి మరో రకం ఉందేమో అడగాలి. వేరే దారి లేని చోట అవసర నియమం గురించి తెలిసిన ఆలిమ్‌ను సంప్రదించాలి. ఆ సమాధానం వచ్చేదాకా బిడ్డను పస్తు ఉంచడం, సగం నీళ్ళు కలిపి పట్టడం చేయరాదు. ఫార్ములాలో కొలతకు మించి నీళ్ళు కలపడం, డబ్బా ఎక్కువ రోజులు రావాలని, మనం అనుకున్నదానికన్నా ఎక్కువ ఇళ్ళలో జరుగుతుందని మా అనుమానం.

పండుగ పూట

ఈద్ నాటి షీర్ ఖుర్మా గిన్నెను ఒక్కసారి అలర్జీ ఉన్న బిడ్డ కంటితో చూడండి. పాలు, గోధుమ సేమ్యా, నెయ్యి, బాదం, జీడిపప్పు, సారపప్పు. హలీంలో గోధుమ, నెయ్యి, జీడిపప్పు. బిర్యానీ మాంసం పెరుగులో నానుతుంది. ఏ ఇంటికి వెళ్ళినా ప్రేమతో ఒక చెంచా బిడ్డ నోట పెట్టేవారుంటారు. ‘ఒక్క చెంచాకు ఏమవుతుందమ్మా’ అనే దాదీలు, ఖాలాలు, ఫుప్పూల ముందు కోడలు కాదనలేక ఊరుకుంటుంది. కాదనే బాధ్యత తండ్రిది కావాలి. తన తల్లికి, తన అక్కలకు అతడు చెప్పవలసిన మాటను భార్య చేత చెప్పించడం న్యాయం కాదు. వెళ్ళేముందు ఒక ఫోన్, వెంట ఒక డబ్బా ఉంటే చాలు. బియ్యపు సేమ్యాను కొబ్బరిపాలలో బెల్లం, ఖర్జూరంతో వండితే ఆ బిడ్డ కూడా పండుగ గిన్నె ముందు కూర్చుంటాడు. కొబ్బరి పడితేనే సుమా. ఇంటిల్లిపాదికీ అదే వండితే మరీ మంచిది.

మనం గౌరవించే ఆహారాలను కూడా ఇదే కంటితో చూడాలి. రోగికి ఊరటనిచ్చేదిగా హదీసులలో ప్రస్తావన ఉన్న తల్బీనాను ఎన్నో ఇళ్ళలో బలహీనమైన పిల్లలకు పెడుతున్నారు. అది బార్లీ జావ. పాలు, తేనె కలుపుతారు. గోధుమ పడని బిడ్డకు బార్లీ పడుతుందో లేదో వైద్యుని అడగకుండా పెట్టరాదు. పాలు పడని బిడ్డకు ఆ పాలు కుదరవు. ఏడాది నిండని ఏ బిడ్డకూ తేనె నాకించరాదు. అందులో ఉండగల సూక్ష్మజీవుల వల్ల పసివారి నరాలు చచ్చుబడే జబ్బు రావచ్చు. చికిత్స చేయించుకోమని బోధించిన దైవప్రవక్త (స) అనుయాయులకు ఈ జాగ్రత్త భారం కాకూడదు.

2021 మే నెలలో, కరోనా రెండవ ఉద్ధృతి వేళ కృష్ణపట్నం పేరు దేశమంతటా వినిపించింది. ఆనందయ్య మందు కోసం వేలాది జనం ఆ చిన్న ఊరికి వచ్చారు. ఆ మందు మంచి చెడులు తేల్చడం ఇక్కడ మా పని కాదు. కానీ ఆనాడు ప్రభుత్వం అందరికన్నా ముందు అడిగిన ప్రశ్న ‘అందులో ఏమేమి కలుస్తున్నాయి’ అన్నది. పరిశీలన జరిగాక కంట్లో వేసే చుక్కలను మినహాయించి అనుమతి ఇచ్చారు. అలర్జీ ఉన్న బిడ్డ తల్లిదండ్రులు ప్రతి పొడికీ, ప్రతి సిరప్‌కీ, ప్రతి పసరుకీ వేయవలసిన ప్రశ్న అదే. ఆకలి పెంచే సిరప్‌లు, బలం పొడులు దుకాణాలలో అడిగితే ఇచ్చేస్తున్నారు. ఆరోగ్య పానీయాలుగా పేరుపొందిన పొడులలో చాలావాటికి ఆధారం బార్లీ, గోధుమ మాల్టు, పాలపొడి. 2020 నాటి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ లేబుల్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్య జాతి, పాలు, గుడ్డు, చేప, వేరుశనగ, బాదం జీడి వంటి పప్పులు, సోయా ఉన్నట్లయితే పొట్లం మీద ఆ సంగతి విడిగా ముద్రించాలి. నువ్వులు ఆ పట్టికలో లేవు. నువ్వులు పడని బిడ్డ ఉన్నవారు పదార్థాల జాబితా మొత్తం చదవక తప్పదు. విడిగా తూచి అమ్మే మిఠాయికి, బేకరీ సరుకుకు లేబులే ఉండదు.

బిడ్డ ఆకలి గురించి కూడా ఒక మాట చెప్పాలి. తిన్నప్పుడల్లా కడుపునొప్పో దురదో అనుభవించిన బిడ్డకు తిండి అంటే భయం పట్టుకుంటుంది. నోరు నొక్కి కుక్కితే ఆ భయం రెట్టింపవుతుంది. అందరితో పాటు దస్తర్‌ఖాన్ ముందు కూర్చోబెట్టి, బిస్మిల్లాహ్ చెప్పించి, తన గిన్నె తనకిచ్చి, అరగంటలో తిన్నంత తిననిచ్చి లేపేయాలి. తర్వాతి పూట రెండు మూడు గంటలలో ఉండనే ఉంది. దిష్టి తగిలిందని తల్లిని నిందించడం, నీ పాలలో సత్తువ లేదనడం ఆ ఇంట్లో ఎవరి బరువునూ పెంచవు.

వెనుక పుట్టే బిడ్డ గురించి

పెద్దబిడ్డకు వేరుశనగ పడలేదని చిన్నబిడ్డకు మూడేళ్ళ దాకా ఆ వాసనే చూపించని కుటుంబాలున్నాయి. ఒకప్పుడు వైద్యులు చెప్పిన సలహా కూడా అదే. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2000లో అలా సూచించి, 2008లో ఆ సూచనను విరమించుకుంది. 2015లో లండన్‌లో జరిగిన ‘లీప్’ పరిశోధన ఫలితాలు వచ్చాక ఆలోచన తలకిందులైంది. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న 640 మంది పసివారిలో సగం మందికి 11 నెలల లోపే వేరుశనగ అలవాటు చేశారు, సగం మందికి దూరంగా ఉంచారు. అయిదేళ్ళ వయసుకు చూస్తే, తిన్నవారిలో వేరుశనగ అలర్జీ దాదాపు 80 శాతం తక్కువగా ఉన్నది. కనుక ఆరు నెలలు నిండి పైఆహారం మొదలుపెట్టినప్పుడు గుడ్డు, మెత్తగా నూరి జావలో కలిపిన వేరుశనగ వంటివి ఆలస్యం చేయనక్కరలేదు. గింజలు గింజలుగా పెడితే గొంతులో అడ్డుపడతాయి. బిడ్డకు ఇప్పటికే తీవ్రమైన తామర గాని, గుడ్డు అలర్జీ గాని ఉంటే ముందు వైద్యునికి చూపించాలి.

పెద్దబిడ్డ నిషేధాలు కూడా శాశ్వతం కావు. పాలు, గుడ్డు పడని పిల్లలలో చాలామందికి బడి వయసు వచ్చేసరికి అవి పడతాయి. బాగా వేగిన, కాలిన రూపంలో, అంటే కేకులోని గుడ్డు వంటివి, ఇంకా ముందే పడేవారూ ఉన్నారు. వేరుశనగ, రొయ్య, చేపల అలర్జీలు మాత్రం ఎక్కువ కాలం నిలుస్తాయి. ఏడాదికొకసారి వైద్యుని వద్దకు వెళ్ళి ‘ఇప్పుడు మళ్ళీ పరీక్షించవచ్చా’ అని అడగాలి. అడిగేవారు లేక, ఎప్పుడో పడిన పాలను పదేళ్ళుగా తాగని పిల్లలు ఉంటారు.

బడిలో, అంగన్‌వాడీలో బిడ్డకు ఏది పడదో ఒక కాగితం మీద తెలుగులో రాసి, వైద్యుని సంతకంతో ఇవ్వండి. టీచరుకు ఒకటి, వంట చేసే ఆమెకు ఒకటి. నోటిమాటగా చెబితే టీచరు మారినప్పుడు ఆ మాట కూడా పోతుంది. చిక్కీ ఇచ్చే రోజుల్లో బిడ్డ చేతిలో ఇంటినుండి తెచ్చిన మరమరాల ఉండ ఉంటే పక్కపిల్లల చిక్కీ వైపు చేయి చాచడు. బాలామృతం పడని బిడ్డకు దానిని తీసుకోకపోయినా, నెలనెలా బరువు తూయించడం మాత్రం మానకండి. ప్రతి నెలా ఒకే తేదీన, వీలైతే ఒకే తూనికయంత్రం మీద, తక్కువ బట్టలతో తూయించి కార్డులో చుక్క పెట్టించండి. వరుసగా రెండు నెలలు చుక్క పైకి కదలకపోతే మూడవ నెల దాకా ఆగకుండా కార్డు, తిండి రాసిన నోటుపుస్తకం రెండూ పట్టుకుని పిల్లల వైద్యుని దగ్గరకు వెళ్ళండి.